ఇంట్లో సర్ఫ్‌బోర్డు చేసుకునే కిట్: ఏది బాగుంది, ఏది మార్చుకోవాలి

సొంతంగా సర్ఫ్‌బోర్డు చేసుకోవాలనుకునేవాళ్ళ కోసం అన్నీ ఒకే పెట్టెలో సర్ది అమ్మే కిట్లు ఇప్పుడు చాలానే దొరుకుతున్నాయి. బ్లాంకు అనే నురుగు దిమ్మ, గ్లాస్ క్లాత్ అనే గాజుపోగుల గుడ్డ, దాన్ని తడిపి గట్టిపడే రెజిన్, అడుగున ఉండే రెక్కల్ని (ఫిన్లని) బిగించే ఫిన్ బాక్సులు, కాలి తాడు తగిలించే లీష్ ప్లగ్గు, నాలుగు రకాల సాండ్ పేపరు, రెజిన్‌ని పరిచే బద్ద స్క్వీజీ, గ్లవ్స్, కలుపుకునే కప్పులు: ఎవరి దగ్గర కొన్నా లోపలి సరుకు దాదాపు ఇదే. ఇక్కడ చూస్తున్నది 6 అడుగుల బోర్డుకి సరిపడే ఈపీఎస్ (థర్మకోలు జాతి) నురుగు, ఇపాక్సీ రెజిన్ కిట్. తీర్పు ముందే చెప్పేస్తాం. మొదటి బోర్డుకి ఇది కొనదగినదే, ముఖ్యమైన సరుకు బాగుంది. కానీ బోర్డు కుదరడమా చెడడమా అన్నది తేల్చే మూడు వస్తువులు, అంటే పక్క నుంచి పడే లైట్లు, గ్రాముల తూకం, థర్మామీటరు, ఈ పెట్టెలో ఉండవు. వాటిని విడిగా సమకూర్చుకోకుండా పని మొదలుపెట్టొద్దు.

ముందు ఏ రకం కిట్ అన్న సంగతి. పాత పద్ధతిలో పాలియురెథేన్ బ్లాంకు మీద పాలిఎస్టర్ రెజిన్ వేస్తారు. ఆ నురుగు చక్కగా చిత్రిక పడుతుంది, రెజిన్ పావుగంటలో గట్టిపడుతుంది, మెరుపు అద్భుతంగా వస్తుంది. అయితే పాలిఎస్టర్‌లోని స్టైరీన్ ఘాటు ఇల్లంతా పట్టుకుంటుంది. దాన్ని గట్టిపరచడానికి వాడే ఎంఈకేపీ కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. ఇల్లు అతుక్కుని ఉన్న షెడ్డులో పనిచేసేవాళ్ళకి ఇది వద్దనే అంటాం. ఈపీఎస్, ఇపాక్సీ జత వాసన తక్కువ, తేలిక, దెబ్బలకి ఓర్చుకుంటుంది, పనిచేయడానికి తీరిక కూడా ఇస్తుంది. 2005 డిసెంబరు 5న అమెరికాలో క్లార్క్ ఫోమ్ ఉన్నట్టుండి మూతపడింది. అప్పటిదాకా ఆ దేశపు షేపర్లకి, అంటే బోర్డులు చెక్కేవాళ్ళకి, బ్లాంకుల్లో సింహభాగం అక్కడి నుంచే వచ్చేవి. సరుకు అందని ఆ రోజుల్లోనే చాలామంది ఈపీఎస్ వైపు తిరిగారు. ఇంటి పనివాళ్ళ చేతికి ఈ రకం కిట్లు ఇంత సులువుగా అందడానికి ఆ మలుపు కూడా ఒక కారణం.

ఒక్క హెచ్చరిక మాత్రం పెద్ద అక్షరాలతో గోడ మీద రాసుకోవాలి: ఈపీఎస్ మీద పాలిఎస్టర్ రెజిన్ పొయ్యకూడదు. స్టైరీన్ తగలగానే ఆ నురుగు కరిగి గుంటలు పడుతుంది. కిట్‌లో రెజిన్ చాల్లేదని దగ్గర్లో దొరికిన పాలిఎస్టర్ డబ్బా తెచ్చి పోస్తే బ్లాంకు మీ కళ్ళముందే పోతుంది.

బ్లాంకు

పెట్టెలోకెల్లా మెచ్చుకోవలసింది ఇదే. ఈపీఎస్ బ్లాంకుని వేడి తీగతో కోస్తారు కాబట్టి రాకర్, అంటే నోసు (ముందు కొస), టెయిలు (వెనక కొస) పైకి లేచే వంపు, ముందే సిద్ధంగా వస్తుంది. మందం కూడా కావలసినదానికి అర అంగుళం అటూ ఇటూగా ఉంటుంది. మొదటి బోర్డు చేసేవాడికి అన్నిటికన్నా కష్టమైన పని రాకర్ తేవడం. దాన్ని కోసినవాళ్ళే తెచ్చి ఇచ్చారు. మీరు చేయవలసిందల్లా దాన్ని చెడగొట్టకుండా ఉండడం. వంపు బాగోలేదనిపించి ఇంకాస్త సరిచేద్దామని బాటమ్‌ని, అంటే అడుగుభాగాన్ని, గీకుతూ పోతే మధ్యలో పల్లం పడుతుంది, దాన్ని సరిచేయబోతే మందం పోతుంది.

సాంద్రత ఎంతో అడిగి తెలుసుకోండి. ఘనపుటడుగుకి 2 పౌన్లు, అంటే ఘనపు మీటరుకి 32 కిలోలు ఉన్నది తీసుకోవాలి. 1 పౌను నురుగు తేలిగ్గా ఉంటుంది కానీ పూసల మధ్య సందులు పెద్దవి, రెజిన్ తాగేస్తుంది, డెక్ మీద, అంటే నిలబడే పైభాగం మీద, మడమల చోట త్వరగా సొట్టలు పడతాయి. ప్యాకింగుకి వాడే థర్మకోలు దిమ్మలు తెచ్చి అతికించి చేద్దామనే ఆలోచన పెట్టుకోకండి. ఆ పూసలు ఒకదానికొకటి గట్టిగా అతకవు, రుద్దుతుంటే ఊడొస్తాయి.

బ్లాంకు చేతికొచ్చిన రోజే రెండు పరీక్షలు చేయాలి. నోసు వైపు నుంచి ఒక కన్ను మూసి స్ట్రింగర్, అంటే మధ్యలో నిలువునా ఉండే చెక్క బద్ద, తిన్నగా ఉందా లేదా చూడండి. తర్వాత నోసు దగ్గర ఒక బద్ద, టెయిలు దగ్గర ఒక బద్ద అడ్డంగా పెట్టి రెండిటి మీదా రసమట్టం ఉంచండి. రెండిటిలోనూ బుడగ ఒకే చోట నిలవకపోతే బ్లాంకు మెలిక పడిందన్నమాట. కొద్దిపాటి మెలికని బాటమ్ రుద్దేటప్పుడు సరిచేయొచ్చు. 3 మిల్లీమీటర్లు దాటితే వెనక్కి పంపి మార్చమని అడగండి. గీత గీశాక ఎవరూ మార్చరు.

రూపం తేవడం

కిట్‌తో వచ్చే కాగితపు టెంప్లేటు మరీ పల్చగా, గీసేటప్పుడు జారేలా ఉంటుంది. దాన్ని 3 మిల్లీమీటర్ల హార్డ్‌బోర్డు మీద అతికించి కత్తిరించుకుంటే పదేళ్ళు వస్తుంది. సొంత కొలతలు కావాలంటే బోర్డ్‌క్యాడ్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. అందులో గీసుకుని మామూలు కాగితాల మీద ముక్కలుగా ముద్రించి అతికించుకోవచ్చు. బోర్డు ఎన్ని లీటర్లుంటుందో కూడా అదే లెక్కకట్టి చెబుతుంది. మొదటి బోర్డుకి మా సలహా: పొడవు 6 అడుగులు, వెడల్పు 20½ అంగుళాలు, మందం 2⅝ అంగుళాలు, చదునైన స్క్వాష్ టెయిలు. సుమారు 34 లీటర్లు వస్తుంది. పల్చటి హై పర్ఫార్మెన్స్ షార్ట్‌బోర్డు జోలికి మొదటిసారి పోవద్దు. అందులో 3 మిల్లీమీటర్ల తేడా కూడా నీళ్ళలో తెలిసిపోతుంది, వెడల్పాటి బోర్డు ఆ తేడాని భరిస్తుంది.

టెంప్లేటు సగం బోర్డుకే ఉంటుంది. స్ట్రింగర్‌కి ఆనించి ఒక పక్క గీసి, తిప్పి రెండో పక్క గీస్తారు. కాబట్టి రెండు సగాలూ ఒకేలా వస్తాయి. గీతకి 3 మిల్లీమీటర్లు బయటగా రంపంతో కోసి, మిగిలింది సాండింగ్ బ్లాకుతో గీతదాకా తెండి. ఇక్కడ చాలామంది మూలమట్టం పెట్టి చూడరు. అంచు బాటమ్‌కి సరిగ్గా 90 డిగ్రీల్లో నిలబడాలి. అది వాలితే డెక్ మీది ఆకారం ఒకటి, బాటమ్ ఆకారం ఇంకొకటి అవుతుంది, తర్వాత రెయిల్స్, అంటే బోర్డు పక్క అంచులు, ఎంత దిద్దినా రెండు పక్కలూ కలవవు.

ఎలక్ట్రిక్ ప్లేనర్ తప్పనిసరి అని కిట్ సూచనల్లో ఉంటుంది. ఈ మాటతో మేం ఏకీభవించం. పాలియురెథేన్ కిట్‌కైతే నిజమే, దాని పైపొర గట్టిగా ఉంటుంది, చాలా మందం తీయాలి. వృత్తి షేపర్లు పాత స్కిల్ 100 ప్లేనర్ కోసం ఇప్పటికీ వెతుక్కునేది, నడుస్తుండగానే కోత లోతు మార్చే వీలు దానికి ఉంది కాబట్టి. మామూలు వడ్రంగి ప్లేనర్‌లో ఆ వీలుండదు, ఒకసారి పెట్టిన లోతే చివరిదాకా. దానికితోడు బ్లేడు మొద్దుబారితే ఈపీఎస్ పూసల్ని కోయకుండా పీకేస్తుంది. వేడి తీగతో కోసిన బ్లాంకుకి 45 సెంటీమీటర్ల పొడుగు బల్ల చెక్కకి 40 గ్రిట్ పేపరు (గ్రిట్ అంకె పెరిగేకొద్దీ పేపరు నునుపు) అతికించి రుద్దితే చాలు, ఇంకా తిన్నగా వస్తుంది. స్ట్రింగర్‌ని మాత్రం అరచేతిలో పట్టే చిన్న చిత్రికతో విడిగా తీయాలి. చెక్క నురుగుకన్నా గట్టిది కాబట్టి పేపరుతో రుద్దితే రెండు పక్కలా నురుగే అరిగి, బద్ద గట్టులా మిగిలిపోతుంది.

ముందు బాటమ్, తర్వాత డెక్, చివర రెయిల్స్. ఈ వరస మార్చకండి. మందం మధ్యలో 2⅝ అంగుళాలు ఉంచి, నోసు నుంచి 12 అంగుళాల దగ్గర 1½, టెయిలు నుంచి 12 అంగుళాల దగ్గర 1⅝కి మెల్లగా దించాలి. ప్రతి అడుగుకీ కాలిపర్‌తో కొలిచి పెన్సిల్‌తో అక్కడే రాసుకోండి.

రెయిల్ బ్యాండ్ల దగ్గర తొందర పనికిరాదు. గుండ్రటి అంచుని నేరుగా గుండ్రంగా రుద్దడానికి చూస్తే ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ పోతుంది. అందుకే ముందు చదును పట్టీలుగా కోస్తారు. అంచు పక్క భాగం మీద బాటమ్ నుంచి 1 అంగుళం ఎత్తులో ఒక గీత, డెక్ మీద అంచు నుంచి 1½ అంగుళం లోపలికి ఇంకో గీత. ఈ రెండు గీతల మధ్య మూలని ఒకే వాలుగా తీసేయాలి. తర్వాత డెక్ మీద 3 అంగుళాల దగ్గర మరో గీత గీసి, అక్కడి నుంచి మొదటి పట్టీ మధ్యదాకా రెండో వాలు. నోసు, టెయిలు వైపు వెళ్ళేకొద్దీ ఈ గీతలు అంచుకి దగ్గరవుతూ 1, 2 అంగుళాలకి రావాలి. పట్టీ అంచులు తీగలా సాఫీగా ఒంపు తిరిగితే రెయిల్ బాగున్నట్టే. ఎక్కడైనా వణికితే ఆ చోట గుంటో గట్టో ఉంది. ఒక పక్క ఎన్ని తోపులు తోస్తే రెండో పక్కా అన్నే తొయ్యండి. ఆ పైన మిగిలిన మూలల్ని సాండింగ్ స్క్రీన్ అనే గరుకు వలని పట్టీలా చుట్టి, గుడ్డతో తుడిచినట్టు ముందుకీ వెనక్కీ లాగితే గుండ్రమవుతాయి. బాటమ్ వైపు అర అంగుళం మాత్రం లోపలికి మళ్ళించి, టెయిలుకి ముందు 12 నుంచి 18 అంగుళాల మేర అంచు పదునుగా వదిలేయాలి. అక్కడ నీళ్ళు బోర్డుని అంటిపెట్టుకోకుండా విడిపోవాలి.

ఇవన్నీ కనపడాలంటే లైటు కావాలి. పైన వేలాడే బల్బు కింద నురుగు అంతా ఒకే తెలుపు, గుంటలు కూడా దాక్కుంటాయి. స్టాండు మీద బోర్డు ఉన్న మట్టానికి కాస్త పైన, గదికి రెండు పక్కలా, అడ్డంగా ఒక్కో 4 అడుగుల ట్యూబ్‌లైటు పెట్టి పై లైటు ఆర్పేయండి. పక్క నుంచి వెలుతురు పడగానే ప్రతి గీకుడూ నీడ వేస్తుంది. గోడలకి ముదురు నీలమో ఆకుపచ్చో ఉంటే ఆ నీడలు ఇంకా తేటగా కనిపిస్తాయి. కిట్ అమ్మేవాళ్ళు ఈ ఒక్క ముక్క సూచనల మొదటి పేజీలో రాస్తే ఎన్నో బోర్డులు బాగుపడతాయి.

ఫిన్ బాక్సులు

కిట్‌లో మూడు ఫిన్ల అమరిక, ఫ్యూచర్స్ తరహా పొడవాటి బాక్సులు ఉన్నాయి. వీటిని గ్లాస్ వేయకముందే నురుగులో దించి, పైన క్లాత్ కప్పుతారు. అందువల్ల పట్టు బాగుంటుంది. వెనక ఫిన్ చివరి అంచు టెయిలు నుంచి 3½ అంగుళాలు, ముందు ఫిన్ల చివరి అంచు 11 అంగుళాలు, రెయిల్ నుంచి 1¼ అంగుళం. ముందు ఫిన్లు రెండూ నోసు వైపు కొద్దిగా లోపలికి తిరిగి ఉండాలి. ఫిన్ పీఠం పొడవుకి పావు అంగుళం తేడా చాలు. గుంట తవ్వే రూటర్ మిషన్ని జిగ్‌లో, అంటే దారి తప్పనివ్వని చట్రంలో, పెట్టి నడిపించాలి, చేత్తో పట్టుకుని కోస్తే గుంట వదులైపోతుంది. జిగ్ కిట్‌లో రాదు, ప్లైవుడ్‌తో చేసుకోవాలి.

బాక్సు అతికించేటప్పుడు గుంట నిండా ఇపాక్సీ పోస్తే అది తనకు తానే వేడెక్కుతుంది, ఈపీఎస్ ఆ వేడికి కుంచించుకుపోయి బాక్సు చుట్టూ బోలు మిగులుతుంది. రెజిన్‌లో మైక్రోబెలూన్ల (సన్నటి బోలు పూసల) పొడి కలిపి లప్పం మాదిరి చిక్కగా చేసుకుని, పల్చటి పూతగా వాడండి. ఆ పొడి పొట్లం కిట్‌లో ఉంది, మంచి సంగతి.

గ్లాస్ వేయడం

ఈపీఎస్ మీద నేరుగా క్లాత్ పరిచి రెజిన్ పోస్తే పూసల సందుల్లోకి దిగిపోయి బోర్డు బరువెక్కుతుంది. ముందు తేలికరకం లప్పాన్ని నీళ్ళతో పెరుగులా పల్చగా చేసి, రబ్బరు బద్దతో అంతటా పూసి, ఆరాక 220 గ్రిట్‌తో నురుగు మళ్ళీ కనిపించేదాకా తుడిచేయాలి. సందుల్లో మాత్రమే మిగలాలి. పైన పొరగా మిగిలితే గ్లాస్ నురుగుకి కాక లప్పానికి అతుక్కుంటుంది, కొన్నాళ్ళకి ఊడుతుంది. లప్పం కిట్‌లో రాదు.

క్లాత్ బాటమ్‌కి 4 ఔన్సులు ఒక పొర, డెక్‌కి 4 ఔన్సులు రెండు పొరలు వచ్చేలా ఇచ్చారు. 4 ఔన్సుల క్లాత్ అంటే చదరపు మీటరుకి సుమారు 135 గ్రాములు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు మోకాళ్ళు, మడమలు గట్టిగా మోపుతారు కాబట్టి డెక్ మీద ఒక పొరని 6 ఔన్సులది చేసి ఇవ్వాల్సింది. వీలుంటే అదనంగా కొనుక్కోండి. నేత బాగుంది, పోగులు ఊడిపోవడం లేదు. మడతపెట్టి పంపితే మాత్రం ఒప్పుకోకండి. ఆ మడత గీత రెజిన్ తడిపినా పోదు, గొట్టానికి చుట్టినదే అడగండి.

రెజిన్ డబ్బా మీద 2:1 అని ఉంటుంది. అంటే రెజిన్ రెండు పాళ్ళకి దాన్ని గట్టిపరిచే హార్డెనర్ ఒక పాలు. అది ఘనపరిమాణం. తూకం వేసి కూడా 2:1 కలిపేవాళ్ళు చాలామంది ఉన్నారు, అలా కలిపితే హార్డెనర్ ఎక్కువై రెజిన్ మెత్తగా, రబ్బరులా మిగిలిపోతుంది. హార్డెనర్ తేలిక కాబట్టి బరువు లెక్క వేరు. ఈ రకం రెజిన్లలో చాలావాటికి 100 గ్రాములకి 45 గ్రాముల దగ్గర ఉంటుంది, ఖచ్చితమైన అంకె సీసా మీద విడిగా రాసి ఉంటుంది, అదే పాటించాలి. కప్పుల మీది గీతలకన్నా తూకమే నమ్మదగినది. కిట్ కప్పుల గీతలు లావుగా ఉన్నాయి, 100 మిల్లీలీటర్ల దగ్గర ఒక గీత మందమే 4, 5 మిల్లీలీటర్ల తేడా తెస్తుంది. పాలిఎస్టర్‌కి అలవాటుపడ్డవాళ్ళు త్వరగా ఎండాలని హార్డెనర్ పెంచుతారు. ఇపాక్సీకి అది పనికిరాదు. ప్రతి చుక్కకీ జోడీ చుక్క కావాలి, మిగిలింది మిగిలినట్టే ఉండిపోతుంది. త్వరగా కావాలంటే గది వెచ్చన చేయాలి.

కలపడం కనీసం 3 నిమిషాలు, కప్పు అంచులూ అడుగూ గీకుతూ. కలిపిన వెంటనే బోర్డు మీద ఒంపేయండి. కప్పులో ఒకేచోట 300 మిల్లీలీటర్లు అలాగే ఉంటే వేడెక్కి పొగలు కక్కుతుంది. బోర్డు మీద పల్చగా పరుచుకున్న రెజిన్ ఇరవై నిమిషాలు తీరిగ్గా పని చేయనిస్తుంది. బాటమ్‌కి 400 మిల్లీలీటర్లు, డెక్ రెండు పొరలకి 600 చాలు. కిట్‌లో మొత్తం 2.8 లీటర్లు వస్తుంది, హాట్ కోట్లూ (గ్లాస్ మీద వేసే రెండో పూతలు), బాక్సులూ పోను కొంత మిగులుతుంది. కొలత ఉదారంగా ఉంది.

ఇక వేడి సంగతి. గది 21 నుంచి 26 డిగ్రీల మధ్య ఉండాలి, ముఖ్యంగా వేడి తగ్గుతున్న వేళ గ్లాస్ వేయాలి. ఈపీఎస్ పూసల మధ్య గాలి ఉంటుంది. పొద్దున్నే వేస్తే ఎండెక్కేకొద్దీ ఆ గాలి వ్యాకోచించి, తడిగా ఉన్న రెజిన్ గుండా బుడగలై పైకి వస్తుంది. అవి పగిలిన చోట సూది బెజ్జాలు మిగులుతాయి, వాటిలోంచి తర్వాత నీళ్ళు దిగుతాయి. సాయంత్రం వేస్తే బ్లాంకు చల్లారుతూ రెజిన్‌ని లోపలికి పీల్చుకుంటుంది. కిట్ సూచనల్లో డిగ్రీల అంకె ఉంది కానీ ఏ వేళ వేయాలో లేదు. ఇపాక్సీ బోర్డుల్లో బెజ్జాలకి చాలావరకు కారణం ఈ ఒక్కటే.

క్లాత్‌ని అంచుకి కింద 2 అంగుళాలు వేలాడేలా కత్తిరించి, నోసు, టెయిలు మూలల్లో చిన్న గాట్లు పెట్టాలి, లేకపోతే అక్కడ ముడతలు పడతాయి. రెజిన్‌ని మధ్యలో పోసి, స్ట్రింగర్ నుంచి రెయిల్ వైపు స్క్వీజీతో తోయాలి. నొక్కి కాదు, స్క్వీజీని పడుకోబెట్టి తేలిగ్గా. క్లాత్ తెలుపు పోయి పారదర్శకం కావాలి. తెల్లగా మిగిలిన చోట రెజిన్ అందలేదు. మరీ మెరుస్తుంటే రెజిన్ ఎక్కువై క్లాత్ తేలుతోందన్నమాట. నేత కొద్దిగా చేతికి తెలిసేలా ఉంటే సరైన పాళ్ళు. కిట్ స్క్వీజీ అంచులు పదునుగా ఉండి క్లాత్‌ని లాగేస్తున్నాయి. నాలుగు మూలలూ పేపరుతో గుండ్రంగా రుద్దుకున్నాకే వాడండి.

బోర్డు చెడేది ఎక్కువగా ల్యాప్ దగ్గర, అంటే వేలాడే క్లాత్‌ని రెయిల్ చుట్టూ తిప్పి డెక్ మీదికి అతికించే చోట. బాగా తడిసిన క్లాత్ తనంతట తానే అతుక్కుంటుంది, ఆరిపోయి ఉన్నది స్ప్రింగులా లేస్తుంది. కాబట్టి వేలాడే భాగాన్ని ముందే తడపాలి, కింద కారుతున్న రెజిన్‌ని స్క్వీజీతో పట్టి తిరిగి పైకి పుయ్యాలి. రెజిన్ గట్టిపడ్డాక ల్యాప్ అంచున చేతికి గుచ్చుకునే పోగులు, చిన్న మెట్టు మిగులుతాయి. వాటిని 80 గ్రిట్‌తో నేలమట్టం చేయకుండా డెక్ క్లాత్ పరిస్తే ఆ మెట్టు పక్కనే సన్నటి గాలి గీత బోర్డు చుట్టూతా తెల్లగా కనిపిస్తుంది. దాన్ని తర్వాత తీయడానికి వీలుండదు. అయితే మెట్టు రుద్దబోయి పక్కనున్న ఉత్త నురుగుని గీకకండి, అది ఒక్క తోపుకే పల్లమవుతుంది.

రెండో పూత, సాండింగ్

హాట్ కోట్‌కి పక్కకి 200 నుంచి 250 మిల్లీలీటర్లు. బ్రష్షుతో ముందు అడ్డంగా, తర్వాత నిలువుగా లాగి వదిలేయండి. గ్లాస్ ఇంకా చేతికి కొద్దిగా జిగురుగా ఉన్నప్పుడే ఈ పూత వేస్తే రెండూ ఒకటైపోతాయి. పూర్తిగా గట్టిపడ్డాకైతే గరుకు చేసి వేయాలి. తేమ ఉన్న రోజుల్లో ఇపాక్సీ పైన మైనంలాంటి జిడ్డు తేలుతుంది. దాన్ని నీళ్ళు, గరుకు స్క్రబ్బరుతో కడిగి తుడవాలి. కడగకుండా పూస్తే కొత్త పూత చేపకళ్ళలా విడిపోతుంది. కడగకుండా రుద్దితే పేపరు జిడ్డుతో నిండిపోతుంది.

80, 120, 220 గ్రిట్లు కిట్‌లో ఉన్నాయి కానీ ఒక్కోటి రెండేసి పేపర్లే. ఇది చాలదు, మూడింతలు తెచ్చుకోండి. రుద్దుతుండగా నేత గళ్ళు కనిపించాయంటే పూత దాటి గ్లాస్‌లోకి దిగారని అర్థం. వెంటనే ఆపి ఆ చోట పల్చటి పూత ఇంకోటి వేయాలి. గ్లాస్ తెగితే బోర్డు బలం అక్కడ పోయినట్టే. రెయిల్స్ మీద మిషను వాడకండి, వంపు మీద డిస్కు ఒక చుక్క దగ్గరే ఆనుతుంది, క్షణంలో లోతుకి దిగుతుంది. అక్కడ చేత్తోనే రుద్దాలి. ఫిన్ బాక్సుల నోరు కూడా ఈ దశలోనే, పైనున్న గ్లాస్‌ని రుద్ది తెరవాలి.

కిట్ గ్లవ్స్ పల్చటి లాటెక్స్‌వి, పక్కన పెట్టేయండి. ఇపాక్సీ చర్మానికి మళ్ళీ మళ్ళీ తగిలితే ఎలర్జీ పట్టుకుంటుంది. ఒకసారి పట్టుకుందంటే జన్మంతా రెజిన్ ముట్టుకోనివ్వదు. నైట్రైల్ గ్లవ్స్ జతల కొద్దీ ఉంచుకోవాలి. చర్మానికి అంటితే అసిటోన్‌తో తుడవొద్దు, అది రెజిన్‌ని ఇంకా లోపలికి పంపుతుంది. సబ్బు, నీళ్ళు చాలు. కిట్‌లో మాస్కే లేదు, ఇది మన్నించలేని లోటు. నురుగు, గ్లాస్ దుమ్ముకి ఎన్95 కన్నా తక్కువది పనికిరాదు.

పూర్తయిన బోర్డు 3 కిలోల అటూ ఇటూ వస్తుంది. ముట్టుకుంటే గట్టిగానే ఉంటుంది కానీ వారం దాకా నీళ్ళలో దించొద్దు, ఇపాక్సీ పూర్తి బలం పుంజుకోవడానికి అంత వ్యవధి కావాలి. ఎండలో మూసిన కారులో వదలకండి. లోపలి గాలి ఉబ్బి గ్లాస్‌ని నురుగు నుంచి వేరుచేస్తుంది. మిగిలిన రెజిన్, హార్డెనర్ సీసాల మూతలు బిగించి చీకట్లో ఉంచండి. చలికి రెజిన్ పాలలా గడ్డకట్టినా పారేయక్కర్లేదు, సీసాని వేడినీళ్ళలో నిలబెడితే మళ్ళీ తేటపడుతుంది. క్లాత్ ముక్కలూ దాచుకోండి. మొదటి చిల్లు పడ్డప్పుడు వీటితోనే అతుకు వేయాలి. ఈపీఎస్ నీళ్ళు పీలుస్తుంది కాబట్టి చిల్లు పడగానే ఒడ్డుకి వచ్చి, బోర్డుని ఆ చిల్లు కిందికి ఉండేలా నీడలో నిలబెట్టి, నీళ్ళన్నీ కారిపోయి నురుగు ఆరేదాకా ఆగాకే మూయాలి.